సోమశిల ఒడ్డున నాలుగు వాకీటాకీలు

నల్లగొండ నుంచి పొద్దున ఆరింటికి రెండు కార్లలో బయలుదేరాం. పెద్దవాళ్లం నలుగురం, పిల్లలు ఐదుగురు, వాకీటాకీలు నాలుగు. దేవరకొండ ఖిల్లా చూసుకుని, డిండి, అచ్చంపేట, కొల్లాపూర్ మీదుగా పొద్దుగూకక ముందే సోమశిల చేరాలి. అక్కడ అనుమతి ఉన్న చోట కృష్ణ ఒడ్డున రెండు రాత్రులు గుడారాల్లో ఉండాలి.

సెట్లు కొనడానికే వారం పట్టింది. ఎందుకంటే దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో కనిపించే వాటిలో చాలా సెట్లు మన దేశంలో లైసెన్సు లేకుండా వాడకూడనివి. మనకు 2018 నుంచి 446.0–446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి సెట్లకు లైసెన్సు అక్కర్లేదు. సెట్టుకు మాత్రం ఈటీఏ, అంటే పరికరం రకానికి ప్రభుత్వ ఆమోదం ఉండాలి. ఏ ఫ్రీక్వెన్సీ మీద పనిచేస్తుందో, ఈటీఏ ఉందో లేదో చెప్పకుండా ఆన్‌లైన్‌లో వాకీటాకీలు అమ్మకూడదని 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. కాబట్టి పెట్టె చేతికి రాగానే ముందు మెగాహెర్ట్జ్ అంకె చూడాలి. అది లేని పెట్టెను అక్కడే పెట్టేసి రావడం మంచిది.

అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిచ్చే సెట్ల సంగతి కూడా చెప్పాలి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. కానీ అవి 462, 467 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. అక్కడ చెల్లుతాయి, ఇక్కడ చెల్లవు. ఐదు వాట్లు, ఎనిమిది వాట్లు అని గొప్పగా రాసుండే పొడవాటి యాంటెన్నా సెట్లు కూడా అంతే, లైసెన్సు కావాలి. బొమ్మల దుకాణంలో దొరికే 27 మెగాహెర్ట్జ్ సెట్లు ఇంటి ముందర ఆడుకోవడానికి సరిపోతాయి గానీ గుట్ట ఎక్కేటప్పుడు వాటిని నమ్ముకోలేం. మేం తీసుకున్నవి అర వాటు సెట్లు, పదహారు ఛానెళ్లు. పిల్లలున్న కుటుంబానికి అది చాలు.

పెట్టె మీద ‘8 కిలోమీటర్లు’ అని రాసి ఉంది. ఆ మాట ఎప్పుడు నిజమవుతుందో దేవరకొండలో తేలిపోయింది. ఖిల్లా కింది ద్వారం దగ్గర ఒక సెట్టు పెట్టి, మిగతా మూడింటితో పైకి ఎక్కాం. గోడ మలుపు తిరిగి రెండు పెద్ద బండల మధ్యకు పోగానే, మూడు వందల అడుగులు కూడా దాటకముందే గరగర మొదలైంది. ఇంకాస్త పైకెక్కి, కింది ద్వారం కంటికి ఆనేచోట నిలబడితే ఎదురుగా మాట్లాడుతున్నట్టే మాట వచ్చింది. ఈ తరంగాలు దాదాపు చూపు వెళ్లినట్టే వెళ్తాయి. నల్లగొండ, దేవరకొండ వైపు గుట్టలు చాలావరకు గ్రానైటు బండలే. బండ అడ్డొస్తే మాట ఆగిపోతుంది. దట్టమైన ఆకులు కూడా కొంత మింగుతాయి, తడిసిన ఆకులు ఇంకా ఎక్కువ మింగుతాయి.

గరగర వచ్చినప్పుడు పిల్లలు గట్టిగా అరుస్తారు. అరిస్తే గొంతు పగిలినట్టు వినిపిస్తుంది తప్ప దూరం పెరగదు. ఉన్నచోటి నుంచి ఒకటి రెండు అడుగులు జరగాలి. ఈ తరంగం పొడవు 67 సెంటీమీటర్లే కాబట్టి, బండలకు తగిలి వచ్చిన తరంగాలు ఒకచోట ఒకదాన్నొకటి చంపేసుకుంటే అడుగు అవతల బాగా అందుతాయి. సెట్టును జేబులోంచి తీసి, యాంటెన్నా నిలువుగా ఉండేలా తల ఎత్తున పట్టుకోవాలి. మన ఒళ్లు కూడా అడ్డే.

డిండి దారిలో కార్ల మధ్య మాట్లాడుకున్నాం. కారు ఇనుప డబ్బా లాంటిది, అందులోంచి మాట బయటికి రావడం కష్టం. సెట్టు కిటికీ పక్కన పట్టుకుంటే అర కిలోమీటరు దాకా బాగానే అందింది. ‘ముందర మేకల మంద ఉంది, మెల్లగా రండి’ అని చెప్పడానికి అది సరిపోయింది. ఆ మాట చెప్పాల్సింది మాత్రం పక్క సీట్లో కూర్చున్నవాళ్లే, స్టీరింగు పట్టుకున్నవాళ్లు కాదు.

సోమశిలలో శ్రీశైలం జలాశయం ముంపు నుంచి తరలించి కట్టిన గుళ్లున్నాయి, కింద నది వెడల్పుగా పరుచుకుని ఉంటుంది. ఒడ్డు వెంట అడ్డం లేని చోట కిలోమీటరు దూరంలో ఉన్నవాళ్ల మాట స్పష్టంగా వచ్చింది. ఒడ్డు వంపు తిరిగి గుట్ట అడ్డం రాగానే తెగిపోయింది. అందుకే పిల్లలకు మేం దూరం లెక్క చెప్పలేదు. ‘గుడారం పైన కట్టిన ఎర్ర గుడ్డ కనిపించినంతవరకే’ అని హద్దు పెట్టాం. నీళ్ల దగ్గరికి మాత్రం పెద్దవాళ్లు లేకుండా వెళ్లేది లేదు. చేతిలో సెట్టు ఉన్నా అంతే.

అసలు తిప్పలు దూరంతో రాలేదు, బటన్లతో వచ్చాయి. మొదటి సాయంత్రం ఒక సెట్టు మూగబోయింది. లైటు వెలుగుతుంది, మాట రాదు. అలా కనిపిస్తే బ్యాటరీని అనుమానించక్కర్లేదు. ఛానెల్ కలిసింది, కోడ్ కలవలేదు. ప్రైవసీ కోడ్ అని పేరే గానీ అది మన మాటను ఎవరికీ వినపడకుండా దాచదు. వేరే వాళ్ల మాట మన సెట్టులో మోగకుండా ఆపుతుంది, అంతే. కోడ్ లేకుండా అదే ఛానెల్‌లో ఉన్నవాళ్లు మనల్ని హాయిగా వింటారు. మాది ఛానెల్ 7, కోడ్ 12. పిల్లవాడి వేలు తగిలి కోడ్ 13కు మారింది. ఆ రాత్రే ప్రతి సెట్టు వెనక తెల్ల టేపు అంటించి ‘7–12’ అని రాసి, వేలు తగిలినా ఛానెల్, కోడ్ మారకుండా కీ లాక్ వేశాం. కీ లాక్ లేని సెట్టు పిల్లలకు కొనొద్దు.

వాక్స్ అని ఇంకోటి ఉంటుంది, బటన్ నొక్కకుండానే గొంతు వినగానే మాట పంపేస్తుంది. నది గాలికి అది తనంతట తానే తెరుచుకుంది. గాలి హోరు మిగతా మూడు సెట్లలో మోగుతుంటే ఎవరూ మాట్లాడలేకపోయారు. వాక్స్ ఆపేయాలి. బటన్ మీద ఎవరైనా కూర్చున్నా ఇదే జరుగుతుంది. ఒక్కో సెట్టు తీసుకుని బటన్ చూసుకుంటూ పోతే దొరుకుతుంది.

మాట్లాడే పద్ధతి పిల్లలకు అరగంటలో వచ్చేసింది. బటన్ నొక్కి, ‘ఒకటి’ అని మనసులో అనుకుని, నోటికి నాలుగు వేళ్ల దూరంలో పెట్టుకుని మామూలు గొంతుతో చెప్పాలి. నొక్కగానే మొదలుపెడితే మొదటి మాట తెగిపోతుంది, ‘రావొద్దు నాన్నా’ కాస్తా ‘నాన్నా’ అయిపోతుంది. ముందు ఎవర్ని పిలుస్తున్నామో వాళ్ల పేరు, తర్వాత మన పేరు, చివర ‘చెప్పు’. ‘బాపూ, చిన్నిని. గుడి మెట్ల కాడ ఉన్నం. చెప్పు.’ ఆ ‘చెప్పు’ వినేదాకా అవతలివాళ్లు బటన్ ముట్టుకోరు. ఇద్దరూ ఒకేసారి నొక్కితే ఒకరి మాట ఒకరికి అందదు. పావుగంటకోసారి పలకాలి. రెండుసార్లు పిలిచినా జవాబు రాకపోతే చివరిసారి మాట అందిన చోటికి వెనక్కి రావాలి, ముందుకు పోకూడదు. ఈ సెట్టులోంచి 112కు మాట వెళ్లదు, మన సెట్లకే వెళ్తుంది. అది పిల్లలకు ముందే చెప్పాలి.

బ్యాటరీలకు వస్తే, మాట వినడానికి కొంచెమే ఖర్చు, పంపడానికే ఎక్కువ. మావి సన్న పెన్సిల్ సెల్‌లు మూడేసి పట్టే సెట్లు. మామూలు ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులు, రీఛార్జి సెల్ 1.2 వోల్టులు. అందుకే రీఛార్జి సెల్‌లు నిండుగా ఉన్నా తెర మీద ఒక గీత తక్కువ చూపిస్తుంది, కంగారు పడక్కర్లేదు. కొత్తవి పాతవి కలిపి వేయొద్దు. ఎండలో ఉన్న కారు డ్యాష్‌బోర్డు మీద సెట్టు వదలొద్దు.

మెడలో వేసుకునే తాడు మాత్రం తీసేయండి. పొదలకు, కొమ్మలకు చిక్కుకుంటే మెడకు బిగుస్తుంది. భుజం దగ్గర క్లిప్పు పెట్టాం. దుమ్మును, నీళ్లను ఎంత తట్టుకుంటుందో చెప్పే ఐపీ గుర్తు సెట్టు మీద ఉంటుంది. ఐపీ54 అని రాసిన సెట్టు తుంపర్లకు ఆగుతుంది, నీళ్లలో పడితే ఆగదు. ఐపీ67 సెట్టు మీటరు లోతులో అరగంట తట్టుకుంటుంది గానీ, తేలుతుందని ఎక్కడా రాసి ఉండదు.

మూడో రోజు పొద్దున ఒక సెట్టు బురదలో పడింది. వెంటనే ఆపి, సెల్‌లు తీసి, తడిగుడ్డతో తుడిచి, మూత తెరిచి నీడలో బోర్లా పెట్టాం. స్పీకరు రంధ్రాల్లో చిక్కిన బురదను పుల్లతో గుచ్చలేదు, గుచ్చితే లోపలి పొర చిరుగుతుంది. ఎండాక పాత టూత్‌బ్రష్‌తో దులిపాం. కొల్లాపూర్ దాటాక సెల్‌లు వేసి, వెనక కారును పిలిస్తే ‘వినవడుతుంది, చెప్పు’ అని వచ్చింది.