షుగర్ క్లాసుకు రిఫరల్ రాసేటప్పుడు ‘భాష’ గడి వదిలేయకండి

అమెరికాలో మెడికేర్ (65 దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉన్న మన పెద్దవాళ్లకు షుగర్ ఉంటే, క్లినిక్‌లో రిఫరల్ (శిక్షణకు పంపమని రాసే కాగితం) రాస్తే, డాక్టరు ఫీజుల వంటివి భరించే పార్ట్ బి కింద పది గంటల శిక్షణ వస్తుంది. బిల్లులో దాని పేరు డీఎస్ఎమ్‌టీ, క్లినిక్‌లో మాత్రం అందరూ డయాబెటిస్ క్లాసు అనే అంటారు. మీటర్‌లో అంకె చూసి ఏం చేయాలి, షుగర్ పడిపోతే ఏం తినాలి, ఇన్సులిన్ ఎక్కడ పొడుచుకోవాలి, పాదాలు ఎలా చూసుకోవాలి, ఇవన్నీ అక్కడ నేర్పుతారు. ఈ పది గంటలు జీవితంలో ఒక్కసారే ఇస్తారు. మొదలుపెట్టాక 12 నెలల్లో పూర్తి చేయాలి. నాలుగు గంటల క్లాసు విని మానేస్తే, ఆ గడువు దాటాక మిగతా ఆరూ పోయినట్టే.

మామూలుగా ఇందులో ఒక గంట విడిగా, తొమ్మిది గంటలు గ్రూపులో. మన వాళ్లకు చిక్కు వచ్చేది ఆ తొమ్మిది గంటలతోనే. గ్రూపు క్లాసు ఇంగ్లిష్‌లో నడుస్తుంది. తెర మీద బ్రెడ్డు ముక్క, పాస్తా, టోర్టియా చూపించి ఒక్కోదాంట్లో పిండిపదార్థం ఎంతో చెబుతారు. రెండు పూటలా అన్నమూ పప్పూ తిని చివర్లో పెరుగన్నం కలుపుకునే పెద్దావిడకు అందులో తన కంచం ఎక్కడా కనిపించదు. కప్పులో మూడో వంతు అన్నంలోనే సుమారు 15 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, రెండు కప్పులు పెట్టుకుంటే 90 గ్రాములు. ఆవిడకు ముందుగా తెలియాల్సిన లెక్క అదే. ఆ మాట ఎవరూ చెప్పరు, ఆవిడా అడగదు. అర్థమైందా అంటే తలూపుతుంది. హాజరు పడుతుంది, గంటలు ఖర్చవుతాయి.

దీనికి నిబంధనల్లోనే దారి ఉంది. చూపు, వినికిడి, భాష వంటి ఇబ్బందుల వల్ల గ్రూపులో నేర్చుకోలేనివారికి పది గంటలూ విడిగా ఇవ్వొచ్చు. రెండు నెలల్లోపు గ్రూపు క్లాసు దొరకకపోయినా అంతే. కానీ ఆ కారణం రిఫరల్ రాసేవాళ్లు రాయాలి. రిఫరల్ ఫారంలో ప్రత్యేక అవసరాల వరుసలో ‘భాష’ గడికి టిక్కు పెట్టండి. అది ఒక్కటే చాలదు, పేషెంటు రికార్డులోనూ ఓ వాక్యం ఉండాలి: “పేషెంటు తెలుగు మాట్లాడతారు, ఇంగ్లిష్ గ్రూపు క్లాసులో పాల్గొనలేరు, పది గంటలూ విడిగా, తెలుగు ఇంటర్‌ప్రెటర్‌తో ఇవ్వాలి.” ఆడిట్‌లో చూసేది ఆ వాక్యాన్నే. గంటల గడి కూడా ఖాళీగా వదలొద్దు, 10 అని అంకె వేయండి. ఇంటర్‌ప్రెటర్ ఉన్నప్పుడు ప్రతి మాటా రెండుసార్లు నడుస్తుంది కాబట్టి గంటలో సగం విషయమే అవుతుంది. వీళ్లకు పది గంటలు ఎక్కువేమీ కాదు.

ఇంటర్‌ప్రెటర్‌కు పేషెంటు డబ్బు కట్టక్కర్లేదు. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులూ క్లినిక్‌లూ ఉచితంగా ఏర్పాటు చేయాలని అఫర్డబుల్ కేర్ చట్టం 1557వ సెక్షన్ చెబుతోంది. భాష దగ్గర ‘ఇండియన్’ అనో ‘హిందీ’ అనో పడితే ఫోనులో హిందీ మనిషి వస్తారు. ‘తెలుగు’ అనే రాయించండి. కోడలు పక్కనే ఉందిగా, ఆమే చెబుతుందిలే అని సరిపెట్టొద్దు. మాత్రలు మానేసిన సంగతి, రాత్రి చెమటలు పట్టిన సంగతి, మూత్రంలో మంట అత్తగారు కోడలి ముందు చెప్పరు.

ఇక సంతకం. షుగర్‌కు వైద్యం చేస్తున్న డాక్టరే కాదు, నర్స్ ప్రాక్టీషనర్, ఫిజీషియన్ అసిస్టెంట్ కూడా ఈ క్లాసుకు రాయొచ్చు. అదే ఫారంలో కింద డైటీషియన్‌తో కూర్చునే ఎమ్ఎన్‌టీ (ఆహారంతో వైద్యం) భాగం ఉంటుంది: మొదటి ఏడాది మూడు గంటలు, తర్వాత ఏటా రెండు. దానికి మాత్రం డాక్టరు సంతకమే చెల్లుతుంది. నర్స్ ప్రాక్టీషనర్ రెండింటికీ కలిపి ఒకే సంతకం పెడితే పైది చెల్లి కిందది తిరిగొస్తుంది. రెండూ రాయడమే మంచిది, ఒకటి ఇంకొకదాని గంటలను తినేయదు. అయితే రెండింటినీ ఒకే రోజు పెట్టకూడదు, మెడికేర్ రెండింటికీ డబ్బివ్వదు. డైటీషియన్ గంటలకు పేషెంటు పైసా కట్టక్కర్లేదు. క్లాసుకు డిడక్టబుల్ (ఏటా ముందుగా సొంతంగా కట్టే మొత్తం) పోగా 20 శాతం పడుతుంది, సప్లిమెంట్ ప్లాను (మెడికేర్ వదిలేసిన ఖర్చు భరించే అదనపు బీమా) ఉంటే అది సాధారణంగా భరిస్తుంది. ఈ మాట ముందే చెప్పాలి. మొదటి క్లాసయ్యాక ఇంటికి బిల్లొస్తే పెద్దవాళ్లు రెండో క్లాసుకు రారు.

డయాగ్నోసిస్ కోడ్ ఈ11తోనో, టైప్ 1 అయితే ఈ10తోనో మొదలవ్వాలి. ప్రీడయాబెటిస్ కోడ్ ఆర్73.03 వేస్తే క్లెయిము తిరిగొస్తుంది, వాళ్లకు మెడికేర్‌లో వేరే నివారణ కార్యక్రమం ఉంది. పంపే చోటుకు ఏడీఏ (అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్) గుర్తింపో ఏడీసీఈఎస్ (డయాబెటిస్ ఎడ్యుకేటర్ల సంఘం) అక్రిడిటేషనో ఉండాలి. మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాను (ప్రైవేటు కంపెనీ నడిపే మెడికేర్) అయితే నెట్‌వర్క్ కూడా చూసుకోవాలి.

షుగర్ బయటపడిన రోజే రాస్తే మేలు. అప్పుడు తప్పిపోతే ఏటా చెకప్‌లో, కిడ్నీ, కంటి సమస్య మొదలైనప్పుడు, జీవితం మారినప్పుడు రాయాలి. మన వాళ్ల విషయంలో ఈ చివరిది తరచూ వస్తుంది: కొత్తగా కొడుకింటికి చేరడం, ఆర్నెల్లకు ఇండియా వెళ్లడం. గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకుంటూ ఏకాదశికి ఉపవాసం ఉంటే షుగర్ 70 కిందకు జారిపోవచ్చు. ప్రయాణంలో గడియారం సుమారు పది గంటలు మారితే ఇన్సులిన్ వేళలు తప్పుతాయి. “ఉపవాసాలుంటారు, జనవరిలో ఇండియా ప్రయాణం” అని రిఫరల్‌లో ఒక వరుస రాస్తే ఎడ్యుకేటర్ అక్కడి నుంచే మొదలుపెడతారు. తాజా ఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష), మందుల జాబితా కూడా జతచేయండి.

ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉండి కొత్తగా షుగర్ బయటపడినవారిలో మొదటి ఏడాది ఇలాంటి శిక్షణకు వెళ్లింది 6.8 శాతమేనని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2014లో చెప్పింది. ఫోన్ నంబరున్న కాగితం చేతికిచ్చి పంపితే మన పెద్దవాళ్లు ఆ ఫోను చేయరు. ఇంగ్లిష్‌లో వాయిస్ మెయిల్ వస్తే తిరిగి చేయరు. వాళ్ల అనుమతితో కొడుకుదో కూతురిదో నంబరు ఫారంలో రాయండి. కుదిరితే వాళ్లు క్లినిక్ దాటకముందే మొదటి అపాయింట్‌మెంట్ పెట్టించండి. “ఇది కూడా మందే, నేనే రాస్తున్నాను” అని డాక్టరు నోటితో చెబితే వెళ్తారు.

పది గంటలు అయ్యాక ఏటా రెండు గంటల ఫాలో అప్ ఉంటుంది. మార్చిలో మొదలుపెట్టి ఆగస్టులో ముగిస్తే వచ్చే జనవరి నుంచే అది వాడుకోవచ్చు. పాత రిఫరల్ దానికి పనికిరాదు, ప్రతి ఏడాదీ కొత్తది రాయాలి. అందులోనూ భాష గడికి టిక్కు పెట్టాలి.