యేసయ్య కళ్ళు రాలిపోయాయి

టోక్యోలో మేముండేది నిషికసాయిలో, మనవాళ్ళు బాగానే కనిపించే పేట. అక్కడికెళ్ళిన రెండో ఏడు ఒక ప్రదర్శనలో వతనాబే సదావో అనే జపాను చిత్రకారుడు వేసిన ప్రభురాత్రి భోజనం చూశాను. శిష్యులు కిమోనోల్లో ఉన్నారు. బల్ల మీద సుషీ, జపానువాళ్ళ అన్నం-చేప వంటకం. గుంటూరులో మా ఇంటి క్యాలెండర్‌లో నీలికళ్ళ యేసయ్యను చూస్తూ పెరిగినవాణ్ణి, అక్కణ్ణించి కదలబుద్ధి కాలేదు.

వతనాబే 1913లో పుట్టి 1996లో పోయారు. 17వ ఏట బాప్తిస్మం తీసుకున్నారు. సెరిజావా కెయిసుకె దగ్గర నేర్చుకున్న అద్దకంతోనే జీవితమంతా బైబిలు బొమ్మలు వేశారు. ఆ అద్దకం పేరు కతాజోమె. కిమోనో గుడ్డల మీద పువ్వులూ తీగలూ వేసే పనే, ఆయన దాన్ని కాగితం మీదికి తెచ్చారు.

ఆ అద్దకం నేర్పే ఒక పెద్దావిడ దొరికారు. ఆవిడ క్రైస్తవురాలు కాదు. నేను గీసుకెళ్ళిన క్యాలెండర్ యేసయ్యను చూసి ఏమీ అనకుండా అచ్చుకాగితం, కత్తి చేతికిచ్చారు. పర్సిమన్ కాయల రసంతో పొరలు అంటించి తయారుచేసిన కాగితం అది, తోలులా గట్టిగా ఉంటుంది.

ఆ అచ్చుని బొమ్మ వేసే కాగితం మీద పరిచి జిగురు పూస్తే, కోసినచోటే జిగురు పడుతుంది. జిగురున్నచోట రంగు అంటదు. ముఖం తెల్లగా రావాలి కదా అని ముఖం చుట్టూ శ్రద్ధగా కోసి కాగితం ఎత్తాను. కళ్ళు, ముక్కు, మీసం వేరే ముక్కల్లా బల్ల మీద రాలాయి.

సెన్సే (గురువుగార్ని అలాగే పిలుస్తారు) నవ్వలేదు. "కన్నుకి ఆధారం ఏది?" అన్నారంతే. కన్ను కనుబొమని పట్టుకోవాలి, కనుబొమ ముక్కుని, ముక్కు ఎక్కడో ఒకచోట జుట్టుని. వతనాబే గీతలు అంత లావుగా ఎందుకుంటాయో నాకప్పుడు తెలిసింది. క్యాలెండర్‌లోని ఆ మెత్తటి నీడలు ఇక్కడ కుదరవు. యేసయ్యని జపానువాణ్ణి చెయ్యాలని నేనేం అనుకోలేదు, కత్తే చేసేసింది.

రెండో అచ్చుకి మూడు ఆదివారాలు పట్టింది. బంకబియ్యం పిండి, తవుడు కలిపి ఆవిరి మీద ఉడికించి, సున్నం, ఉప్పు వేసి పిసికితే జిగురు తయారు. జూన్ వానల్లో అది ఆరి చావలేదు, ఒక కాగితం పాడైంది.

కాగితం సంగతి చెప్పాలి. బొమ్మ వేయడానికి చక్కటి వాషీని, అంటే జపాను చేతికాగితాన్ని, చేతికిచ్చి "నలపండి" అన్నారు సెన్సే. భయపడుతూ నలిపితే, ఇంకా, ఇంకా అన్నారు. దానికి ముందే కొన్యాకు దుంప జిగురు పూస్తారు, తడిసినా చిరగకుండా. మన కందకి చుట్టమే ఆ దుంప. విప్పి పరిచేసరికి కాగితం ముసలివాళ్ళ చెయ్యిలా ముడతలు పడింది.

రంగు కలిపేది సోయాపాలలో. శ్రీకాళహస్తిలో కలంకారీవాళ్ళు రంగు పాకకుండా గుడ్డను కరక్కాయ, గేదెపాలలో ముంచుతారని చెప్పాను. సెన్సే కళ్ళజోడు పెట్టుకుని మరీ పుస్తకంలో రాసుకున్నారు. గేదె అంటే ఏంటో బొమ్మ గీసి చూపించాల్సొచ్చింది.

నా బొమ్మలో యేసయ్య చాప మీద కూర్చున్నాడు, ముందు పళ్ళెం. వతనాబే సుషీ పెట్టాడు, నేను పెడితే అది కాపీ. ఫోన్లో అమ్మనడిగితే "రొట్టె పెట్టరా, బైబిల్లో ఉంది కదా" అంది. నేను రొట్టెతోపాటు గోంగూర ఆకులు కోశాను. అది చూసి సెన్సే "మొమిజి! బాగా కుదిరింది" అన్నారు. మొమిజి అంటే వాళ్ళకి శరత్కాలంలో ఎర్రబడే ఆకు. నేను కాదనలేదు.

చివర్న కాగితాన్ని నీళ్ళలో వేసి వదిలేశాం. జిగురు నానుతూ ముక్కలుముక్కలుగా లేచిపోయింది. ముందు పళ్ళెం తేలింది, తర్వాత చేతులు, ముఖం అన్నిటికన్నా ఆలస్యంగా.

అమ్మకి ఫొటో పంపాను. "ఆకులు బాగున్నాయి. ఆయనకి ఒక కన్ను పెద్దదీ ఒకటి చిన్నదీ ఏంట్రా?" అంది. మొదటిసారి రెండూ రాలిపోయిన సంగతి చెప్పలేదు.