బ్రాడ్‌బ్యాండ్ తీసేయించాలంటే ముందు లాన్ కేబుల్ పట్టుకోండి

నెట్ స్లోగా వస్తోందని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అరిచేవాళ్లలో చాలామంది చేతిలో ఉండేది వైఫై మీద తీసిన స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ ఒక్కటే. దాన్ని చూడగానే అవతలివాళ్లు "మీ వైఫై ప్రాబ్లం సార్" అని టికెట్ మూసేస్తారు. ల్యాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో (ఈథర్‌నెట్ వైరు) నేరుగా రౌటర్‌కి తగిలించి తీసిన కొలతకి ఆ జవాబు చెల్లదు. కనెక్షన్ తీసేయించినా, కట్టిన డబ్బు వెనక్కి అడిగినా, రేపు కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్లినా మీకు పనికొచ్చేది ఈ కొలతే.

ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేయండి. టీవీ, ఫోన్లు, సీసీ కెమెరాలు అన్నీ కాసేపు నెట్ నుంచి తప్పించండి. ఉదయం 6 గంటలకు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి 9 - 10 మధ్య ఒకసారి టెస్ట్ చేయండి. ఇలా వరసగా నాలుగైదు రోజులు చేస్తే చాలు. ఊక్లా స్పీడ్‌టెస్ట్ చాలాసార్లు మీ కంపెనీ సొంత సర్వర్‌నే ఎంచుకుంటుంది. కాబట్టి ఒకసారి దానితో, ఒకసారి సర్వర్‌ని చేత్తో మార్చి వేరే కంపెనీదానితో చూడండి. ఫాస్ట్ డాట్ కామ్ నెట్‌ఫ్లిక్స్ సర్వర్ల నుంచి కొలుస్తుంది కాబట్టి దాన్నీ కలుపుకోండి. తేదీ, టైమ్, సర్వర్ పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఈ అంకెల్లోనే జబ్బు దొరుకుతుంది. పొద్దున ఫుల్ స్పీడ్ వచ్చి రాత్రి పడిపోతోందంటే రద్దీ. ఇళ్లకి ఫైబర్ ఇచ్చే జీపాన్ పద్ధతిలో కంపెనీ వైపు ఒక పోర్ట్‌కి దిగే డౌన్‌లోడ్ సామర్థ్యం దాదాపు 2.5 జీబీపీఎస్. దాన్నే స్ప్లిటర్లు (ఒక ఫైబర్‌ని చాలావాటిగా చీల్చే పరికరాలు) పెట్టి 32 ఇళ్లకో, 64 ఇళ్లకో పంచుతారు. అందరూ ఓటీటీ పెట్టుకునే వేళకి పోర్ట్ సరిపోకపోవచ్చు, లేదా ఆపరేటర్ పైనుంచి కొనుక్కున్న బ్యాండ్‌విడ్త్ చాలకపోవచ్చు. ఏదైనా మీ ఇంట్లో మార్చగలిగింది ఏమీ లేదు. కంపెనీ సొంత సర్వర్‌కి ఫుల్‌గా వచ్చి బయటి సర్వర్లకి రాకపోతే కంపెనీ బయటి లింకులు ఇరుకుగా ఉన్నట్టు. అన్ని వేళలా తక్కువే వస్తే మాత్రం ముందు మీ ఇంటి తీగా, పెట్టే (రౌటర్ లేదా ఫైబర్ మోడెమ్) చూడాలి.

200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నారు, టెస్ట్‌లో ఎప్పుడు చూసినా 94, 95 దగ్గరే ఆగిపోతోంది. ఇది ఎక్కువగా కనిపించే కేసు, ఇక్కడ లైన్‌లో తప్పేమీ ఉండకపోవచ్చు. రౌటర్ పోర్ట్ 100 ఎంబీపీఎస్‌ది అయితే ఓవర్‌హెడ్ (డేటాని మోయడానికే ఖర్చయ్యే భాగం) పోగా దక్కేది అంతే. గిగాబిట్ పోర్ట్ అయినా కేబుల్‌లో 8 తీగల్లో ఒక్కటి తెగినా, క్రింపింగ్ (చివర కనెక్టర్ బిగించడం) సరిగ్గా లేకపోయినా లింక్ 100కి దిగిపోతుంది. డాబా మీది నెట్‌వర్క్ స్విచ్ నుంచి లాన్ వైరు లాగి కనెక్షన్ ఇచ్చిన పాత అపార్ట్‌మెంట్లలో నాలుగు తీగలే వాడిన కేబుళ్లు ఇంకా ఉన్నాయి. విండోస్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఈథర్‌నెట్ లోపలికి వెళ్తే లింక్ స్పీడ్ కనిపిస్తుంది. అక్కడ 100/100 అని ఉంటే రౌటర్ నుంచి ల్యాప్‌టాప్ దాకా ఉన్న ముక్కలోనే లోపం, వేరే కేబుల్‌తో చూడండి. 1000/1000 ఉండి కూడా 94 దాటకపోతే గోడ నుంచి రౌటర్‌కి వచ్చే వైపు పోర్టునీ, వైరునీ చూడాలి. రౌటర్ కంపెనీ ఇచ్చిందే అయితే మార్చాల్సింది వాళ్లే. 200 ప్లాన్ అమ్మి 100 పోర్ట్ పెట్టె ఇవ్వడం సరైన పని కాదు, ఆ మాట టికెట్‌లో రాయండి.

ఫైబర్ ఇంట్లోకి వస్తుంటే ఇంకొకటి చూడాలి. పెట్టె కింద స్టిక్కర్ మీద లాగిన్ అడ్రస్ ఉంటుంది, చాలావరకు 192.168.1.1. లోపల ఆప్టికల్ పేజీలో ఆర్ఎక్స్ పవర్ (మీ దాకా చేరుతున్న సిగ్నల్ బలం) అని మైనస్ అంకె ఉంటుంది. మైనస్ 15 నుంచి మైనస్ 24 డీబీఎం దాకా అయితే దిగులు లేదు. మైనస్ 27 దగ్గరికి వచ్చిందంటే సిగ్నల్ అంచున ఉన్నట్టే: ప్యాకెట్లు పోతాయి, స్పీడ్ ఎగుడుదిగుడు అవుతుంది, వాన పడిన రోజు సిగ్నల్ పోయిందని చెప్పే ఎల్ఓఎస్ ఎర్ర లైటు వెలుగుతుంది. టీవీ యూనిట్ వెనక ఫైబర్‌ని కరెంటు వైరులా మడిచి కట్టేస్తే సిగ్నల్‌ని మోసే వెలుతురు ఆ మడతలోనే కారిపోతుంది. ఆకుపచ్చ కనెక్టర్‌ని నీలం అడాప్టర్‌లో గుచ్చినా అంతే, రెండింటి ముఖాల కోణాలు వేరు. హైదరాబాద్‌లో 2025 ఆగస్టులో కరెంటు స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించినప్పుడు చాలాచోట్ల నెట్ పోయింది. అలా తెగిన ఫైబర్‌ని స్ప్లైసింగ్ మెషీన్‌తో (కరిగించి అతికేది) అతికిస్తే సిగ్నల్ నష్టం 0.1 డీబీ లోపే ఉంటుంది. మెకానికల్ జాయింట్లతో సరిపెడితే ఎక్కువ పోతుంది. టెక్నీషియన్ వస్తే పవర్ మీటర్ పెట్టి రీడింగ్ చూపించమనండి, దాని ఫొటో తీసుకోండి.

వైఫై సంగతి క్లుప్తంగా: అపార్ట్‌మెంట్‌లో 2.4 గిగాహెర్ట్జ్ మీద 30 - 50 ఎంబీపీఎస్ వస్తే అది మామూలే. 5 గిగాహెర్ట్జ్ వాడండి. ఇక డౌన్‌లోడ్ విండోలో 12 ఎంబీ కనిపించిందని గొడవపడకండి, 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 12.5 మెగాబైట్లే.

ఫిర్యాదు ఫోన్‌లో చేసినా డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబరు) తీసుకుని, అదే విషయం మెయిల్‌లో పెట్టండి. పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి 30 రోజుల్లోపు అప్పీల్ చేసుకోవచ్చు. ఫీజు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. విడివిడి ఫిర్యాదులను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తీసుకోదు, అక్కడికి రాసి నెల పోగొట్టుకోకండి. 2023 జనవరి నుంచి బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి ఉండాల్సిన కనీస వేగం 2 ఎంబీపీఎస్ మాత్రమే, కాబట్టి ఆ నిర్వచనం పట్టుకుని వాదిస్తే ఓడిపోతారు. మీ వాదన "నేను కొన్న ప్లాన్ ఇది, నాకు అందింది ఇది" అన్నదాని మీదే నిలబడాలి. అంతకుముందు మీ డేటా వాడకం కూడా చూసుకోండి. అన్‌లిమిటెడ్ అన్న ప్లాన్లలో చాలావాటికి నెలకి 3,300 జీబీ పరిమితి ఉంటుంది, అది దాటాక స్పీడ్ తగ్గించడం షరతుల్లోనే రాసి ఉంటుంది.

తీసేయించాలని నిర్ణయించుకుంటే ముందు కొత్త కనెక్షన్ పెట్టించుకోండి, వారం పది రోజులు రెండూ నడవనివ్వండి. కొత్త రౌటర్‌కి పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే పెడితే టీవీ, కెమెరాలు చాలావరకు వాటంతట అవే కలుస్తాయి. తర్వాత ఖాతా ఎవరి పేరు మీద ఉందో చూడండి. అద్దె ఇళ్లలో అది ఓనరు పేరు మీదో, ముందున్నవాళ్ల పేరు మీదో ఉంటుంది, అప్పుడు రిజిస్టరైన మెయిల్, నంబరు నుంచే అభ్యర్థన వెళ్లాలి. ప్రీపెయిడ్ కదా, రీచార్జ్ మానేస్తే పోతుందిలే అనుకోవద్దు. పెట్టె మీ దగ్గరే ఉన్నంతవరకు డిపాజిట్ రాదు, కొన్ని ఖాతాలు ఆటోపేతో మళ్లీ మొదలవుతాయి.

మెయిల్‌లో ఇవన్నీ ఉండాలి: ఖాతా నంబరు, ఏ తేదీ నుంచి ఆపాలో, పాత డాకెట్ నంబర్లు, పెట్టె సీరియల్ నంబరు, డిపాజిట్ మొత్తం, మిగిలిన నెలల డబ్బు. ఏడాది ప్లాన్ ముందే కట్టి ఉంటే మిగిలినది ఇవ్వం అనే జవాబు రావచ్చు, ముందుగా దరఖాస్తు ఫారం వెనక షరతులు చదవండి. ఇల్లు మారుతున్నందుకు తీసేస్తుంటే, కొత్త అడ్రస్‌కి షిఫ్టింగ్ కుదరదని వాళ్లచేతే రాతపూర్వకంగా చెప్పించుకోండి. అది ఉంటే మధ్యలో మానేశారన్న మాట మీ మీదికి రాదు.

పెట్టె తీసుకెళ్లడానికి కేబుల్ అబ్బాయి వస్తే ఊరికే ఇచ్చేయొద్దు. మన దగ్గర చాలా కనెక్షన్లకి బిల్లు మీద పేరు ఒకరిది, ఇంటికొచ్చేది లోకల్ ఆపరేటర్ మనిషి. ఆరు నెలల తర్వాత "పెట్టె ముట్టలేదు" అని ఫోన్ వస్తే చూపించడానికి కాగితం కావాలి. సీరియల్ నంబరు, అడాప్టర్‌తో సహా ఫొటో తీసి, రసీదు గానీ కనీసం వాట్సాప్‌లో సమాధానం గానీ తీసుకున్నాకే అప్పగించండి. ఆ రోజే యూపీఐ యాప్‌లో ఆటోపే మాండేట్ రద్దు చేయండి. కార్డు మీద ఉంటే బ్యాంకు సైట్‌లో తీసేయండి.

కనెక్షన్ తీసేశాక డిపాజిట్ 45 రోజుల్లో తిరిగి రావాలి. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, చాలా కేసులు అక్కడే తెమిలిపోతాయి. తెమలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం వివాదాలు అక్కడికి రావని కంపెనీలు వాదించేవి, ఆ వాదనను సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో కొట్టేసింది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఫిర్యాదుకి బిల్లు, ప్లాన్ ప్రకటన, కేబుల్ మీద తీసిన కొలతలు, డాకెట్ నంబర్లు, పెట్టె రసీదు జత చేయండి.