మందు రాసిన రోజు నా బరువు ఎవరూ అడగలేదు

మాది కావలి. నాకు డెబ్బై నాలుగేళ్ళు. పుట్టింది కనిగిరి దగ్గర పల్లె, ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగాం. మా వైపు కిడ్నీ అన్న మాట వింటేనే గుండె జారుతుంది. అందుకే ఏటా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్త పరీక్ష) చేయించుకునేదాన్ని. ఎప్పుడూ 1.2 దగ్గరే. ల్యాబు కాగితం మీద 1.2 దాకా నార్మల్ అని ఉంటుంది. ఆ అంకె చూసుకుని ధైర్యంగా ఉన్నాను.

మొన్న ఎండాకాలం ఎడమ పక్క నడుము మీద అక్కి లేచింది. మా ఆడబిడ్డ కుమ్మరిని పిలిపించి జాజుతో అక్కి రాయించింది. అబ్బాయి క్లినిక్‌కి తీసుకెళ్ళాడు. వాలాసైక్లోవిర్ వెయ్యి మిల్లీగ్రాముల బిళ్ళ రోజుకు మూడు, మంటకి ప్రెగాబాలిన్ 75 రెండు పూటలా, నొప్పి ఓర్చుకోలేకపోతే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్. అక్కికి వాలాసైక్లోవిర్ సరైన మందే, లేచిన మూడు రోజుల్లోపు మొదలుపెట్టాలి, ఆ డాక్టరు అలాగే పెట్టాడు. అందుకు ఆయన్ని ఒక్క మాట అనను. నా పాత రిపోర్టు చూసి "క్రియాటినిన్ నార్మలే, ఏదైనా వాడొచ్చు" అన్నాడే, నా కోపమంతా ఆ మాట మీద.

బిళ్ళలు మొదలుపెట్టిన రెండో రోజు నుంచే తల దిమ్ముగా ఉండింది. మర్నాటి రాత్రి సంగతి నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తు, మిగతాది కోడలు చెప్పింది. చేతులు వాటంతటవే ఎగిరెగిరి పడుతున్నాయి. గ్లాసు పట్టుకుంటే నీళ్ళన్నీ ఒంటి మీదే. గోడ నిండా మనుషులు కనిపించారు. మా నాయన, చిన్నప్పుడే పోయిన మా తమ్ముడు. ఉన్నట్టుండి నేను చచ్చిపోయానని నాకు తెలిసిపోయింది. కల కాదు, అనుమానం కాదు. పొద్దు పొడిచిందని తెలిసినంత గట్టిగా తెలిసింది. "నేను పోయాన్రా, ఇంకా మంచం మీద ఎందుకుంచారు, కిందికి దించండి, తలకాడ దీపం పెట్టండి" అని కేకలు పెట్టానంట. "అత్తా, నువ్వు మాట్లాడతా ఉండావు కదా, పోయినోళ్ళు మాట్లాడతారా" అని కోడలు నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చిందంట. నేను మాత్రం ఆ పిల్లని చూసి, శవాన్ని ముట్టుకుంటోంది, స్నానం చేయాల్సొస్తుంది కదా అని బాధపడ్డాను. ఆ బాధ మాత్రం నాకిప్పటికీ స్పష్టంగా గుర్తుంది.

అర్ధరాత్రి దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్తే డ్యూటీలో ఉన్నాయన ఒక్క నిమిషం చూశాడు. "పెద్దావిడ కదా, మతి చలించింది. ఇంక ఇంట్లో జాగ్రత్తగా చూసుకోండి" అని పంపించేశాడు. ఏం మందులు వాడుతున్నారని అడగలేదు. ముందు రోజు దాకా మనవడికి లెక్కలు చెప్పినదానికి రాత్రికి రాత్రి మతి ఎట్టా పోతుందని మా అబ్బాయి అడిగితే విసుక్కున్నాడంట. ఆడబిడ్డేమో, ఇది గాలి, జొన్నవాడ కామాక్షమ్మ గుళ్ళో నిద్ర చేయిద్దాం అంది. ఆ తల్లి మీద నాకూ నమ్మకముంది. కానీ అబ్బాయి తెల్లవారకముందే కారెక్కించి నెల్లూరు తీసుకుపోయాడు. ఆ బుద్ధి పుట్టించింది ఆ తల్లే అనుకుంటాను.

నెల్లూరులో స్కాను, రక్త పరీక్షలు అన్నీ అయ్యాయి. క్రియాటినిన్ 2.3. కిడ్నీ డాక్టరు మందుల చీటీ చూడగానే వాలాసైక్లోవిర్, ప్రెగాబాలిన్, నొప్పి ఇంజెక్షన్ మూడూ ఆపించి సెలైన్ పెట్టించాడు. కిడ్నీ బయటికి పంపలేక ఒంట్లో పేరుకున్న మందే తలకెక్కిందన్నాడు. తేరుకోకపోతే డయాలసిస్ చేసి దాన్ని బయటికి తీయాల్సి ఉంటుందన్నాడు. ఆ మాటకి అబ్బాయి కూలబడిపోయాడు. దేవుడి దయ, డాక్టరుగారి చలవ, మూత్రం బాగా వచ్చింది, డయాలసిస్ దాకా పోలేదు. తల తేటపడ్డాక కోడల్ని చూసి "అన్నం తిన్నావా" అన్నానంట.

అక్కడ ఫార్మ్ డీ, అంటే మందుల చదువు, చదువుతున్న అమ్మాయి ఒకతి వార్డుకి వచ్చేది. నా పక్కన కూర్చుని "అమ్మమ్మా, మీ బరువెంత?" అంది. ఇంత జబ్బులో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆ పిల్ల. నలభై ఒక్క కిలోలు అన్నాను. కాగితం మీద నాకు కనబడేలా లెక్క వేసింది. 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు డాక్టర్లు ఇచ్చిన సూత్రమంట, కిడ్నీ నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడకడుతోందో అంచనా చెబుతుందంట. 140 లోంచి వయసు తీసేయాలి, బరువుతో గుణించాలి, 72ని క్రియాటినిన్‌తో గుణించి దానితో భాగించాలి, ఆడవాళ్ళయితే 0.85తో మళ్ళీ గుణించాలి. నా పాత 1.2తో వేస్తే వచ్చింది ఇరవై ఏడు కూడా లేదు! ముప్పైకి తక్కువైతే అక్కికి ఆ వెయ్యి బిళ్ళ రోజుకి ఒకటే. నాకు పడింది మూడు.

మరి నార్మల్ అని ఎందుకుంది అంటే, క్రియాటినిన్ కండలోంచి వస్తుందంట. కండ కరిగిన ముసలి ఒంట్లో అది తయారయ్యేదే తక్కువ. కిడ్నీ సగం పనే చేస్తున్నా అంకె పెరగదు. పాత రిపోర్టు కింద ఈజీఎఫ్ఆర్ 47 అని కూడా ఉంది, అదీ కిడ్నీ వడకట్టే అంచనానే. అది 1.73 చదరపు మీటర్ల ఒంటికి సరిచేసిన లెక్క, నాలాంటి చిన్న ఒంటికి ఎక్కువ చూపిస్తుంది అంది. అంకె నిలకడగా ఉన్నప్పుడే ఈ సూత్రాలు పనికొస్తాయి, 2.3కి ఎగబాకిన రోజున వీటిని నమ్మకూడదని కూడా చెప్పింది. ఆ బిడ్డ చల్లగా ఉండాలి.

కోపం మాత్రం పోలేదు. మూడు వరసల లెక్క అది. వయసు చీటీ మీదే ఉంది, తూకం మిషను క్లినిక్ గుమ్మం పక్కనే ఉంది. "మతి చలించింది" అన్నాయన మాట విని మావాళ్ళు ఇంటికి తెచ్చి ఆ బిళ్ళలే మింగిస్తూ ఉంటే నేనేమయ్యేదాన్ని?

ఇంట్లో పెద్దవాళ్ళుంటే, అందులోనూ బక్కపలచని వాళ్ళుంటే, కొత్త మందు రాసినప్పుడు వాళ్ళ బరువు, వయసు, క్రియాటినిన్ కాగితం మీద రాసి డాక్టరు చేతికివ్వండి. "ఈ మందు కిడ్నీని బట్టి తగ్గించాలా?" అని అడగండి. విసుక్కుంటే విసుక్కోనీయండి. మీ అంతట మీరు మాత్రం మందు ఆపకండి, తగ్గించకండి. కొత్త మందు పడ్డాక మనిషి తికమకగా మాట్లాడితే వయసు మీదికి నెట్టకుండా వెంటనే మందుల చీటీతో సహా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

అక్కి మచ్చలు మానాయి, మంట ఇంకా ఉంది. ఇప్పుడు ప్రెగాబాలిన్ 25 రాత్రికి ఒకటే. కొన్ని రాత్రులు అది చాలదు. అయినా పెంచమని నేను అడగలేదు. వచ్చే శుక్రవారం కోడలితో జొన్నవాడ వెళ్తున్నాం. దారిలో నెల్లూరులో ఆగి క్రియాటినిన్ చేయించుకోవాలి, దానికి ముందు తూకం చూసుకోవాలి.