ఊరి పేరు చెప్పకుండా

రేడియోలో మాట్లాడటానికి వెళ్తే గాజులు తీయమన్నారు. ఇప్పటికీ మా ఊళ్లో ఆడవాళ్లు నన్ను అడిగేది నీళ్ల సంగతి కాదు, ఆ గాజుల సంగతే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మా ఊరు పొదిలికి పడమటి వైపు. పేరు రాయను, ఎందుకో మీకే తెలుస్తుంది. 2022లో, ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీళ్ల పరీక్ష నేర్పించారు. డ్వాక్రా గ్రూపు లీడరునని నా పేరూ రాశారు. ఒక పూట శిక్షణ, ఒక పులిహోర పొట్లం, ఒక కిట్టు పెట్టె. గొట్టంలో నీళ్లు పోసి ఫ్లోరైడ్ మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు రావాలి. పసుపుకు తిరిగే కొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువున్నట్టు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదన్నారు. కాలనీ చేతిపంపు నీళ్లు నా కళ్ల ముందే చార్టులో చివరి గడి రంగుకు వచ్చేశాయి. చుక్కలు తప్పుగా వేశానేమోనని మళ్లీ చేశాను. మూడోసారి మా ఇంటి బోరు నీళ్లు పోశాను. అవీ అంతే.

కొత్త విషయమేమీ కాదు లెండి. మా పక్క ఈ ఫ్లోరైడ్ నీళ్లతో గారపట్టిన పళ్లు చూసినవాళ్లకు తెలుసు. మా మామగారిని వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి చూసేవారు. అదీ నీళ్ల వల్లేనని తెలియక, పొలం పని చేసి చేసి అలా అయిందనుకునేవాళ్లం. నాకు పెళ్లిచూపులప్పుడు మా అమ్మ చెప్పిన జాగ్రత్త ఒక్కటే: నవ్వొద్దు.

ఇంతకీ ఊరికి మంచి నీళ్లు లేవా అంటే, ఉన్నాయి. నాగార్జున సాగర్ నీళ్లు పైపులో వచ్చి ట్యాంకెక్కుతాయి. ట్యాంకు పక్కన ఉన్న వీధికి ధారగా వస్తాయి. అక్కడ కొందరు కుళాయికే మోటారు బిగించి లాగేస్తారు. ఇక కొసన ఉన్న కాలనీలో కుళాయి తిప్పితే బుస్సుమని గాలి వస్తుంది. వాళ్లు మళ్లీ చేతిపంపు దగ్గరికే. ఏ వీధికి నీళ్లు వదలాలో తిప్పే వాల్వు ఎవరి చేతిలో ఉందో, ఎవరి మాట మీద తిరుగుతుందో ఊళ్లో పిల్లాణ్ని అడిగినా చెబుతాడు.

అర్జీలు పెట్టాం. ముందు పంచాయతీలో, తర్వాత మండలంలో, ఆ తర్వాత ఒక సోమవారం అర్జీలు తీసుకునేటప్పుడు ఒంగోలు కలెక్టరాఫీసులో. మూడు వారాలకు ఫోనుకు మెసేజీ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. ఆ మెసేజీ పట్టుకుని కాలనీకి వెళ్లి కుళాయి తిప్పి చూశాం. గాలే. ఎవరు పరిష్కరించారో, ఏం పరిష్కరించారో అడుగుదామంటే ఒక ఆఫీసు వాళ్లు ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు. చివరికి కాలేజీలో చదివే మా మరిది కొడుకు సమాచార హక్కు దరఖాస్తు రాసిపెట్టాడు. ఊరి స్థాయిలో దానికి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. మండలంలో వేశాం. సరిగ్గా 29వ రోజున జవాబు వచ్చింది. ఊళ్లో ప్రతి ఇంటికీ మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున సరఫరా అవుతున్నాయట. సంతకం, సీలు అన్నీ ఉన్నాయి. ఆ కాగితం నాకు చాలా ఉపయోగపడింది, కాకపోతే ఇచ్చినవాళ్లు అనుకున్నట్టు కాదు.

రేడియో ఆలోచన నాది కాదు, మా అత్తది. ఆమెకు పొద్దున్నే ఆకాశవాణి పెట్టకపోతే కాఫీ దిగదు. ఒకరోజు, "మీ ఊరి సమస్యలు రాయమంటా ఉండారు, రాయరాదంటే" అంది. ఒక కాగితం మీద తోచినంత రాసి పోస్టులో వేశాను. మర్చిపోయాను కూడా. నెల దాటాక ఫోను. "అమ్మా, ఆకాశవాణి మార్కాపురం నుంచి మాట్లాడుతున్నాం" అంటే, బ్యాంకు ఓటీపీ అడిగే బాపతేమోనని కట్ చేశాను. పాపం రెండుసార్లు చేశారు. మూడోసారి అది రోజూ రేడియోలో వినే గొంతేనని మా అత్త గుర్తుపట్టి ఫోను లాక్కుంది.

తాగునీటి మీద అరగంట చర్చ, మధ్యలో శ్రోతల ఫోన్లు. నీళ్ల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఒకరు, ఒక డాక్టరు, నేను. ఒకటే షరతు: మనుషుల పేర్లు, పార్టీల పేర్లు ఎత్తి విమర్శించకూడదు, ఆకాశవాణి నియమం. నాకు నీరసం వచ్చింది. పదహారు నెలలుగా నేను దాచుకున్నది ఆ ఒక్క పేరే కదా.

ఆ సాయంత్రం ఇంకో దెబ్బ. రేడియోకు వెళ్తున్నానని తెలిసి నలుగురు ఇంటికొచ్చారు. వాల్వు తిప్పించే మనిషి తాలూకు వాళ్లయితే ఏదో అనేసేదాన్ని. వచ్చింది మావాళ్లే, కాలనీ వాళ్లు కూడా ఉన్నారు. నాకు చిన్నాన్న వరసైన ఆయన నిమ్మళంగానే చెప్పాడు: "అమ్మాయ్, ఊళ్లో పెళ్లీడు పిల్లలు ఉండారు. ఇది గారపళ్ల ఊరని రేడియోలో చాటితే రేపు మన గడప ఎవరు తొక్కుతారు?"

కోపం వచ్చింది. కానీ తప్పని ఎలా అనను? నవ్వొద్దన్న అమ్మ మాట ఇంకా చెవిలోనే ఉంది. ఆ పిల్లల్లో మా ఆడపడుచు కూతురూ ఉంది. రాత్రి చాలాసేపు వాదించుకుని, ఊరి పేరు చెప్పకుండా మాట్లాడేలా ఒప్పుకున్నాం. మనిషి పేరూ లేదు, ఊరి పేరూ లేదు, ఇంక అరగంట ఏం మాట్లాడాలి అని మా ఆయన్ని అడిగితే, "పైపు గురించి మాట్లాడు, దానికి పెళ్లి చెయ్యాల్సిన పని లేదు గదా" అన్నాడు.

2023 మే నెల. తెల్లవారుజామున పొదిలిలో బస్సెక్కితే కొనకనమిట్ల మీదుగా మార్కాపురం. పలకల ఊరు. చిన్నప్పుడు అక్షరాలు దిద్దిన పలక ఈ ఊరి రాయే కదా అనుకుంటూ దిగాను. స్టూడియోకి రెండు తలుపులు, ఒకటి మూశాకే ఇంకోటి తెరుస్తారు. లోపల మన ఊపిరి మనకే పెద్దగా వినబడుతుంది. కాగితాలకు పిన్నులు తీసేయించారు, తిప్పేటప్పుడు చప్పుడు కాకుండా పక్కకు జరపాలట. అప్పుడు వచ్చింది గాజుల మాట. చెయ్యి కదిపినప్పుడల్లా మైకులో ఘల్లుమంటున్నాయి. "కాసేపు తీసి పక్కన పెడతారా అమ్మా" అన్నారు. ఆ స్టూడియో ఆయన మామూలుగానే అడిగారు. నాకు మాత్రం గుండె జల్లుమంది. మొగుడు బయట కుర్చీలో కూర్చుని ఉంటే చేతులు బోడిగా పెట్టుకుంటానా? నా మొహం చూసి ఆయనకే అర్థమైంది. చేతిరుమాళ్లు రెండు తెప్పించి, గాజులు పైకి తోసి, కదలకుండా కట్టారు. కట్టుకట్టిన చేతులతో, దెబ్బలు తిని వచ్చిన మనిషిలా కూర్చున్నాను.

ఎర్ర దీపం వెలిగింది. మొదటి ఐదు నిమిషాలు నేనేం మాట్లాడానో నాకు తెలియదు. డాక్టరు గారు చెప్పినవి మాత్రం బాగా గుర్తున్నాయి. ఈ నీళ్ల వల్ల పళ్లకూ ఎముకలకూ వచ్చే జబ్బును ఫ్లోరోసిస్ అంటారట. మన దేశంలో మనుషుల్లో దాని గురించి అచ్చయిన తొలి పరిశోధనల్లో ఒకటి 1937లో షార్ట్ అనే డాక్టరు బృందం రాసిందట, అది నెల్లూరు జిల్లా గురించేనట. అప్పటికి పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరులోనే ఉండేవి, 1970లో ఒంగోలు జిల్లా పెట్టినప్పుడు ఇటు వచ్చాయి. జిల్లా పేరు మారింది గానీ నీళ్లు మారలేదన్నమాట. ఇంకో మాట విని నేను ఉలిక్కిపడ్డాను. కాచి తాగితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. కలరా, విరేచనాలప్పుడు మనకు నేర్పింది కాచి తాగమని. ఆ అలవాటునే నేను గ్రూపు మీటింగుల్లో అందరికీ చెప్పి ఉన్నాను. మైకు ముందే ఒప్పుకున్నాను, నేనూ తప్పు చెప్పానని.

ఏఈ గారు మంచి మనిషే. కొసన ఉన్న ఇళ్లకు వత్తిడి తగ్గుతుందని, అక్కడికి వేరే వాల్వు ఉండాలని, మోటార్లు పెడితే ఎవరూ ఏం చేయలేరని చెప్పారు. నేను 55 లీటర్ల కాగితం తీసి చదివాను. పక్కకు జరపడం మర్చిపోయి ఫరఫరలాడించానట, తర్వాత అందరూ చెప్పారు. "ట్యాంకు కింద ఇంటికి నీళ్లు, కొసన ఇంటికి గాలి, కాగితంలో మాత్రం ఇద్దరికీ 55 లీటర్లు సార్" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగారు.

అప్పుడు ఫోన్లు మొదలయ్యాయి. మొదటాయన మర్రిపూడి వైపు నుంచి. "ఆమె చెప్పేది మా ఊరి సంగతే సార్, మా ట్యాంకు గురించే" అన్నాడు. తర్వాతి ఆయన కనిగిరి పక్క నుంచి, మా ఊరి సంగతి మీకెవరు చెప్పారని నామీదే అనుమానపడ్డాడు. మూడో ఫోను ఒక ముసలామెది. ఏ ఊరో చెప్పలేదు, "కొసన ఇల్లు మాదేనమ్మా" అని పెట్టేసింది. నేను పేరు చెప్పి ఉంటే అది ఒక ఊరి తగాదా. చెప్పకపోయేసరికి విన్న ప్రతివాడూ తన వాల్వునే తలుచుకున్నాడు. నాలుగో ఆయన, కృష్ణా నీళ్లను మా పక్కకు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు ఎప్పుడొస్తాయని అడిగాడు. మా పడమటి ప్రకాశంలో ఏ మాట ఎత్తినా చివరికి వెలిగొండ దగ్గరే తేలుతుంది. 1996లో శంకుస్థాపన, నల్లమల కింద 18.8 కిలోమీటర్ల సొరంగాలు రెండు. అప్పటికి ఒకటి తవ్వడం అయింది, రెండోది ఇంకా తవ్వుతూ ఉండేవారు. అది ఏఈ గారి చేతిలో లేదు కాబట్టి, యాంకరమ్మ మెల్లగా మా పైపు దగ్గరికి తిప్పి, "మరి ఆ చివరి ఇళ్లను ఎప్పుడు చూస్తారు సార్?" అంది. "పదిహేను రోజుల్లో వెళ్తాను" అన్నారాయన. ఆ పదిహేను రోజులు జిల్లా పడమటంతా వింది.

వచ్చింది నలభై రోజులకు. అదీ నేను కొత్త అర్జీలో ప్రసారం తేదీ, సమయం రాసి పెట్టాక. కాలనీకి విడిగా వాల్వు బిగించారు. ఇప్పుడు రోజు విడిచి రోజు ముప్పావుగంట నీళ్లు. మోటార్లు రెండు నెలలు కనబడలేదు, మళ్లీ వచ్చాయి. చేతిపంపుకు ఎర్ర రంగు వేసి తాగరాదని రాశారు. వాల్వు పెద్దమనిషి ఒకరోజు దారిలో ఆపి, "ఎవర్ని గురించి చెప్పావమ్మాయ్ రేడియోలో?" అన్నాడు. "ఎవరి పేరూ చెప్పలేదు గదా మామా" అన్నాను. ఆయన ఇంకేం అడగలేకపోయాడు.

మా ఇంట్లో సంగతి వేరే. కుళాయి నీళ్లు చప్పగా ఉంటాయి, బోరు నీళ్లే కమ్మగా ఉంటాయని మా అత్త ఏడాదిగా నా మాట వినలేదు. ప్రసారం అయిన రోజు నేను ఇంటికి వచ్చేసరికి బోరు నీళ్ల బిందె పెరట్లో అరటి మొక్కకు ఒంపేసి ఉంది. అన్నం పెడుతూ అడిగింది, "అంత ప్రమాదమైతే రేడియోలో వాళ్లందరికీ చెప్పావు గానీ, ఇంట్లో ఉన్నదాన్ని, నాకు ముందే చెప్పొద్దంటే?"