వేలిలో పేడు, లోపల పెద్ద గొడవ

మొన్న పాత చెక్క కుర్చీ జరుపుతుంటే వేలిలో పేడు దిగింది, తీసేశాలే అనుకున్నా కానీ ముక్క లోపలే ఉండిపోయిందనుకుంటా, మర్నాటికి వేలు ఎర్రగా వాచి ఒకటే సలుపు. నిజానికి ఆ వాపు పేడు పని కాదు, మన ఒంటి పనే. చర్మం కింద కాపలా ఉండే మాక్రోఫేజ్‌లు అనే కణాలు పరాయిది వచ్చిందని పసిగట్టి కెమికల్స్ వదుల్తాయి, దాంతో రక్తనాళాలు వెడల్పయ్యి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు బిలబిలమంటూ వచ్చేసి దొరికిన బాక్టీరియాని మింగి అవీ చస్తాయి. మనం ఛీ అని తుడిచేసే చీములో ఎక్కువ వాటి శవాలే, పాపం.

ఇలా కణాలు మూగడం 1882లోనే మెచ్నికాఫ్ అనే శాస్త్రవేత్త గమనించాడు, స్టార్‌ఫిష్ లార్వాల్లో ముళ్ళు గుచ్చి మర్నాడు చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయట, రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి 1908లో నోబెల్ వచ్చిందాయనకి.

సరే, మనదేదో పరాయిదేదో ఎలా తెలుస్తుంది? బాక్టీరియా గోడల్లో మన కణాల్లో లేని పదార్థాలుంటాయి, వాటిని పట్టే రిసెప్టర్లు మనకి పుట్టుకతోనే ఉంటాయి. టీ కణాలని ఇంకో రకం తెల్లకణాలున్నాయి, వాటిదైతే మరీ ఘోరం, ఛాతీలో ఉండే థైమస్ గ్రంథిలో వాటికి పరీక్ష, పనికిరానివీ సొంత కణాల మీదకే ఎగబడేవీ చాలావరకు అక్కడే ఖతం, పాసయ్యేవి నూటికి 5 కూడా ఉండవు! ఇక బీ కణాలనే మరో రకం తెల్లకణాలు యాంటీబాడీలు (క్రిమిని పట్టుకునే ప్రొటీన్లు) చేయడానికి మొదటిసారి వారం దాకా పడుతుంది, అదే క్రిమి మళ్ళీ వస్తే గుర్తుపెట్టుకుని చకచకా చేసేస్తాయి, వ్యాక్సిన్ కిటుకు అదే.

పేడు మాత్రం నిన్న చీముతో పాటు బయటికొచ్చేసింది.