నేను పుట్టానని రుజువు చేసుకోవడానికి ఏడు నెలలు పట్టింది

జర్మనీ నుంచి సెలవలకి విశాఖ వచ్చి మూడు వారాలైంది. గోపాలపట్నంలో మా ఇంటికి వచ్చినవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు, జర్మన్ రాకుండా అక్కడ ఆఫీసు పనులన్నీ ఎలా చేసుకున్నారని. భాష పెద్ద బాధ కాదండి, ఫోన్లో అనువాదం చేసుకుంటూ ఎలాగో నెట్టుకొచ్చాం. మమ్మల్ని మూడు చెరువుల నీళ్లు తాగించింది మా పేర్లు.

మా ఆయనకి అక్కడ ఓడల డిజైన్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది, చదువుకున్న విదేశీ ఉద్యోగులకి ఇచ్చే బ్లూ కార్డ్ కాబట్టి భార్యగా నాకు జర్మన్ పరీక్ష అక్కర్లేకుండానే వీసా ఇచ్చారు. దిగాక మొదటి పని ఆన్‌మెల్డుంగ్, అంటే ఫలానా ఇంట్లో ఉంటున్నామని ఊరి ఆఫీసులో నమోదు చేసుకోవడం. ఇంట్లో చేరిన రెండు వారాల్లో చేసుకోవాలని చట్టం, ఆన్‌లైన్లో చూస్తే అపాయింట్‌మెంట్ ఐదు వారాల తర్వాత. చివరికి రోజూ పొద్దున్నే వెబ్‌సైట్ తెరిచి, ఎవరో వదులుకున్న స్లాట్ దొరికితే పట్టుకున్నాం. అద్దె ఒప్పందం చూపిస్తే చాలదు, ఇంటి ఓనరు సంతకం పెట్టిన వేరే కాగితం కావాలి. దాని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. నాకు అది పలకడానికి వచ్చేసరికి నమోదు కూడా అయిపోయింది.

నమోదయ్యాక 11 అంకెల ట్యాక్స్ నంబరు పోస్టులో వస్తుంది. అది లేకుండా జీతం ఇస్తే అన్నిటికంటే ఎక్కువ పన్ను పడే ఆరో క్లాసు కింద కోసేస్తారు, తర్వాత సరిచేసి తిరిగి ఇస్తారు గానీ మొదటి నెల చేతికొచ్చింది చూస్తే ఏడుపొస్తుంది. మా ఆయన నంబరు వచ్చింది. నాది రాలేదు. నెల చూశాం. ఏమైందంటే, అక్కడ పోస్ట్‌మన్ తలుపు తట్టి ఫలానా వాళ్లు ఇక్కడేనా అని అడగడు, కింద డబ్బా మీద పేరు ఉంటేనే ఉత్తరం వేస్తాడు, లేకపోతే వెనక్కి పంపేస్తాడు. డబ్బా మీద మా ఆయన ఇంటిపేరు ఒక్కటే ఉంది. నా పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు. ఫోన్‌ చేసి నంబరు చెప్పమంటే చెప్పరు, మళ్లీ ఉత్తరమే పంపుతారట. ఆ రోజే స్కెచ్ పెన్‌తో నా ఇంటిపేరు రాసి డబ్బాకి అంటించాను. కొత్తగా వెళ్లేవాళ్లు ఎవరైనా చదువుతుంటే, ఇల్లు తీసుకున్న రోజే ఈ పని చేయండి.

అపోస్టిల్, అంటే ఒక దేశం కాగితం ఇంకో దేశంలో చెల్లడానికి వేసే ధ్రువీకరణ, దాని సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇందులో చాలామంది డబ్బు తగలేసుకుంటున్నారు. పెళ్లి సింహాచలంలో అయింది, సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించుకున్నాం, ఆ సర్టిఫికెట్‌కి ఏజెంటు ద్వారా అపోస్టిల్ స్టిక్కర్ కూడా వేయించాం. ఆ స్టిక్కర్‌ని ఒప్పుకునే దేశాల ఒప్పందంలో ఇండియా 2005లో చేరింది, కానీ ఇండియా చేరడానికి జర్మనీ అభ్యంతరం చెప్పింది కాబట్టి ఈ రెండు దేశాల మధ్య ఆ స్టిక్కర్ చెల్లదు. ఏజెంటు మాకు ఆ ముక్క చెప్పలేదు. అక్కడి ఆఫీసుకి మన కాగితం మీద అనుమానం వస్తే, ఇండియాలోని వాళ్ల కాన్సులేట్ ద్వారా లాయరును పంపించి విచారణ చేయిస్తారు. ఖర్చు మనదే, నెలలు పడుతుంది. మా అదృష్టం కొద్దీ అంతదాకా రాలేదు.

అసలు కథ పాప పుట్టాక మొదలైంది. జనన నమోదు ఆఫీసుని అక్కడ స్టాండెస్‌ఆమ్ట్ అంటారు. తల్లిదండ్రులిద్దరి బర్త్ సర్టిఫికెట్లు, జర్మన్ అనువాదాలతో సహా అడిగారు. నేను 1992లో విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో పుట్టాను. పేరు పెట్టింది ఇరవై ఒకటో రోజున. పుట్టుక వివరం రిజిస్టరులోకి ఎక్కేటప్పటికి నాకు పేరు లేదు కాబట్టి అందులో ఆడ శిశువు అని మాత్రమే ఉంది, పేరు గడి ఖాళీ. ఇన్నేళ్లూ పదో తరగతి మెమోతోనే అన్నీ జరిగిపోయాయి, పాస్‌పోర్టుకి కూడా అదే సరిపోయింది. కౌంటర్లో ఆవిడ చాలా మర్యాదగానే చెప్పింది, ఈ కాగితంలో ఒక ఆడపిల్ల పుట్టిందని ఉంది, ఆ ఆడపిల్ల మీరేనని లేదు అని. తప్పు పట్టడానికి లేదు, నిజమే కదా.

అప్పటికి పాపకి మామూలు బర్త్ సర్టిఫికెట్ ఇవ్వకుండా, తల్లి గుర్తింపు రుజువు కాలేదని రాసిన రిజిస్టరు నకలు ఇచ్చారు. ఆ మాట జర్మన్‌లో చదువుకుని, పాలు పడుతూ ఏడ్చాను. పిల్లల కోసం ఇచ్చే ఎల్టర్‌గెల్డ్ ఆలస్యంగా అప్లై చేస్తే వెనక్కి మూడు నెలలవరకే ఇస్తారు, పాపను మన కాన్సులేట్‌లో ఏడాది లోపు నమోదు చేయించాలి, ఈ లెక్కలన్నీ రాత్రుళ్లు వేసుకునేదాన్ని.

నా సర్టిఫికెట్లో పేరు ఎక్కించడానికి విశాఖలో తిరగాల్సింది నాన్న. స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యారు, ఏ కాగితమైనా ఇనప పెట్టెలో వరసగా పెట్టుకునే మనిషి. ఇక్కడ ఆఫీసు తెరిచే పదిన్నరకి ఎండాకాలంలో మాకు ఉదయం ఏడు. రోజూ వీడియో కాల్‌లోనే క్యూలో నిలబడేదాన్ని. వార్డు సచివాలయంలో దరఖాస్తు పెడితే అసలు ఆఫీసుకి వెళ్లమన్నారు, అక్కడ పాత రిజిస్టరు వెతకడానికి మళ్లీ రమ్మన్నారు. నాలుగో సారికి రిజిస్టరు దొరికింది, కొత్త తలనొప్పి కూడా దొరికింది. నాన్నకి సింహాద్రి అప్పన్న పేరు పెట్టారు, ఇంగ్లీషులో దాన్ని రిజిస్టరులో ఒకలా, ఆధార్‌లో ఒకలా, నా పాస్‌పోర్టులో ఇంకోలా రాశారు. ఈ ముగ్గురూ ఒక్కరేనని అఫిడవిట్ తెమ్మన్నారు.

"ఏటమ్మా, నువ్వు పుట్టావనడానికి నేను చాలనా? ఇప్పుడు నేను నేనేనని కూడా రాసివ్వాలంట" అన్నారు నాన్న, కోర్టు దగ్గర నోటరీ ముందు చెమట తుడుచుకుంటూ. నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. అరవై ఐదేళ్ల మనిషిని మే నెల ఎండలో నా కోసం తిప్పుతున్నాను.

పేరు ఎక్కిన సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి పాప బోర్లా పడటం కూడా నేర్చేసింది. కొరియర్‌లో తెప్పించి, కోర్టులో ప్రమాణం చేసిన అనువాదకురాలికి ఇచ్చాం. తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉన్న కాగితం, ఆవిడకి ఇంగ్లీషే వచ్చు. తెలుగు భాగాన్ని అనువదించలేదని కింద ఒక వాక్యం రాసిచ్చింది. దాని మీద మళ్లీ పేచీ పెడతారేమోనని గుండె చేత్తో పట్టుకుని కూర్చున్నాం. కౌంటర్లో ఆవిడ రెండు సార్లు చదివి, ఏమీ అనకుండా ముద్ర వేసేసింది. ఏడు నెలలు పట్టిన పని పది నిమిషాల్లో తేలిపోయింది.

ఈసారి వస్తూ అన్ని ఒరిజినల్సూ వెంట తెచ్చుకున్నాను. నిన్న మధ్యాహ్నం నిద్ర లేచి చూస్తే ఫైలు టేబుల్ మీద లేదు. నాన్న నా బర్త్ సర్టిఫికెట్, పాపది కలిపి కవర్లో పెట్టుకుని చెప్పులు వేసుకుంటున్నారు. ఎక్కడికి నాన్నా అంటే, "జంక్షన్ దాకా అమ్మా, పాడైపోకుండా రెండింటికీ లామినేషన్ చేయించుకొచ్చేస్తాను" అన్నారు. గేటు దాకా పరిగెత్తి కవరు లాక్కున్నాను.